ఎడమ కాలి చెప్పు

నా ఎడమ చెప్పు ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే పోతోంది. దొంగ ఎవరో నాకు తెలుసు. నాకు తెలుసని దొంగకీ తెలుసు. అయినా సరే, రోజూ నేను నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవడ్రా నా చెప్పు ఎత్తుకెళ్ళింది? దొరికితే వాడి మీసాలు గొరిగించి గుమ్మానికి వేలాడదీస్తా!" అని వీధి చివరిదాకా వినపడేలా అరవాలి. అప్పుడు దొంగ తలుపు వెనక నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వాలి. అది అయితేగానీ మా ఇంట్లో పొద్దు పొడిచినట్టు కాదు.

దొంగ మా అక్క కొడుకు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తన ఎస్టేటు చూసుకుంటున్నట్టు ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తాడు గనక నేను దొర అంటాను. పుట్టుకతోనే వాడి బుద్ధి ఎదుగుదల నెమ్మదించింది. డాక్టర్లు దానికేదో పొడుగాటి పేరు చెప్పారు. ఏడో తరగతిలోనే బడికి తాళం వేసి వచ్చినవాణ్ణి, నాకది నోరు తిరగలేదు. దొరకి మాటలు ఓ యాభై వచ్చు. అంకెలు ఎనిమిది దాకా వచ్చు. ఆపైన ఎంతైనా "బోలెడు". వీధి చివరి లాండ్రీలో తువ్వాళ్ళు మడతపెడతాడు. వాడు మడతపెట్టిన తువ్వాలు అంచులు చూస్తే స్కేలు పెట్టి గీశారేమో అనిపిస్తుంది.

నాది కింద తాళాల కొట్టు, పైన రెండో అంతస్తులో అక్క ఇల్లు. నేనూ అక్కడే ఉంటాను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, ఏ తాళానికీ నా చెవి పట్టలేదని చెబుతాను.

అక్క కుడి మోకాలు అరిగిపోయి నాలుగేళ్ళయింది. మెట్లు నిలబడి దిగలేదు. ఒక్కో మెట్టు మీదా కూర్చుని, జరిగి, కింది మెట్టు మీదకి దిగేది, చంటిపిల్లలు దిగినట్టు. ఆపరేషన్‌కి మూడుసార్లు తారీఖు ఇచ్చారు, మూడుసార్లూ మానేసింది. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉండాలన్నారు. "ఎనిమిది రోజులు వాడి సంగతి ఎవరు చూస్తారు?" అనేది.

"నేను లేనూ?" అన్నాను.

"నువ్వున్నావనేరా నా భయం."

అక్క భయం ఊరికే పుట్టింది కాదు. దొర నొప్పి అని నోరు తెరిచి చెప్పడు. ఆరేళ్ళ కిందట చెవిలో చీము పట్టి, అది దిండు మీదకి కారుతున్నా ఎవరికీ తెలియలేదు. అప్పుడు అక్క ఏదో పెళ్ళికని ఊరెళ్ళి ఉంది. వాడి దగ్గర ఉన్నది నేనే. తిరిగొచ్చి గుమ్మంలోంచే వాడి మొహం చూసి, సంచీ కింద పడేసి, "వీడికేదో అయిందిరా" అంది. ఎలా కనిపెట్టావంటే, "ఏమో, తెలుస్తుంది" అంది. ఆ తెలియడం ఆవిడ దగ్గరే ఉంది. డూప్లికేట్ లేని తాళంచెవి.

అక్క మూడోసారి ఆపరేషన్ మానేసిన రోజుల్లోనే మా ఇంటికి నర్సమ్మ వచ్చింది. పక్క వీధి క్లినిక్‌లో పని చేస్తూనే పై చదువు కోసం ఏదో పరిశోధన చేస్తోంది. దొరలాంటివాళ్ళున్న పన్నెండు కుటుంబాల దగ్గరికి వెళ్ళి, తల్లికి తెలిసిన గుర్తులన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించి, తల్లి లేనప్పుడు ఇంకొకరు ఆ పుస్తకం చూసి నొప్పి కనిపెట్టగలరా లేదా అని చూడటం. తల్లి ఇంట్లో లేని రోజులన్నీ తనే సాయంత్రం ఒకసారి వచ్చి చూసి వెళ్తుంది. ఆ ఒక్క మాటకే అక్క మోకాలు కొంచెం మెత్తబడింది.

నర్సమ్మ ముందు దొరనే అడిగింది. రెండు కార్డులు చేతికిచ్చింది. పచ్చది చూపిస్తే సరే అని, ఎర్రది చూపిస్తే ఆపమని.

"నీకెప్పుడు ఇష్టం లేకపోతే అప్పుడు ఎర్రది చూపించు. నేను చేస్తున్నది ఏదైనా సరే, వెంటనే ఆపేస్తాను" అంది.

దొర వెంటనే ఎర్రది చూపించాడు. ఆవిడ నోరు మూసుకుంది. పచ్చది చూపించాడు. తెరిచింది. మళ్ళీ ఎర్రది. మళ్ళీ పచ్చది. ముప్పై ఎనిమిదేళ్ళలో వాడి మాట అంత చటుక్కున విన్నవాళ్ళు లేరు. కాసేపటికి వాడు వీధిలో పోయే లారీకి కూడా కిటికీలోంచి ఎర్ర కార్డు చూపించాడు.

ఆవిడ దగ్గర ఇంకో అట్ట కూడా ఉంది. దాని మీద ఐదు మొహాలు, పకపకా నవ్వేదాని నుంచి బావురుమని ఏడ్చేదాని దాకా. "నీకెలా ఉందో చూపించు" అంటే దొర ఎప్పుడూ నవ్వే మొహం మీదే వేలు పెడతాడు, అది బాగుంది కాబట్టి. ఏడ్చే మొహం మీద మాత్రం ఉఫ్ ఉఫ్ అని ఊదుతాడు, దెబ్బ తగిలినచోట ఊదినట్టు. నర్సమ్మ అది రాసుకుంటూ పెన్ను ఆపి, వాడి వంక చాలాసేపు చూసింది.

తర్వాత నా వంతు. అక్క లేనప్పుడు చూసేది నేను గనక నలభై రెండు ప్రశ్నల ఫారం నాకూ ఇచ్చారు. మర్యాదగానే మొదలుపెట్టాను. పదిహేడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నాకు నాలిక దురద పుట్టింది. 'నొప్పి ఉన్నప్పుడు ప్రవర్తనలో కనిపించే మార్పు?' నేను గంభీరంగా పైకి చూసి, ఓసారి దగ్గి, "గోడ వైపు తిరిగి కూర్చుని వంద నుంచి వెనక్కి లెక్కపెడతాడమ్మా. నొప్పి ఎక్కువైతే రెండేసి అంకెలు దాటేస్తాడు" అన్నాను. నర్సమ్మ కళ్ళు మెరిశాయి. గబగబా రాసుకుంది. మధ్యాహ్నానికి నేను మర్చిపోయాను.

వారం తర్వాత ఆవిడ వచ్చింది, మొహం వెలిగిపోతోంది.

"పిన్నిగారూ, మా పెద్ద మేడం ఎంత సంబరపడ్డారో! ఇలాంటి గుర్తు ఇంతవరకూ ఎక్కడా రాలేదట. మిగతా పదకొండు ఇళ్ళలోనూ అడిగి రమ్మన్నారు, అడిగాను కూడా. ఇంతకీ బాబు ఏ అంకె దగ్గర ఆపేస్తాడు?"

"ఏ అంకె?" అంది అక్క.

"వెనక్కి లెక్కపెట్టినప్పుడు."

"వాడికి ఎనిమిది దాకానే వచ్చమ్మా. అదీ ముందుకే."

నేను పైన తిరుగుతున్న ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నర్సమ్మ నా వైపు తిరిగింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, అరుపులు నాకు అలవాటే. పెన్నుకి మెల్లగా మూత పెట్టింది.

"పదకొండు ఇళ్ళకి వెళ్ళానండీ" అంది. "ఒకావిడైతే కొడుకుని రెండు గంటలు గోడ వైపు తిప్పి కూర్చోబెట్టిందట, లెక్కపెడతాడేమోనని."

"సరదాకి అన్నానమ్మా..."

"మీ ఫారంలో ఒకటి అబద్ధమైతే మిగతా నలభై ఒకటీ నేను నమ్మకూడదు. ఈ ఇంటిని పరిశోధనలోంచి తీసెయ్యాలి. మేడంకి చెప్పాలి." కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

అక్క మోకాలు నిమురుకుంటూ, "పోనీలే అమ్మా. ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం" అంది. నాలుగోసారి. నాకు ఛాతీలో ఏదో తాళం పడిన చప్పుడైంది. నేను వేసే కోతి వేషాలకి ఈ మనిషి ఇంకా ఎన్నేళ్ళు కూర్చుని మెట్లు దిగాలి?

నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని లేచింది. అప్పుడే దొర తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి ఉన్నాయి. ఒక చెయ్యి ముందుకి తీశాడు.

ఎర్ర కార్డు.

"బాబూ, నేను వెళ్ళాలి" అంది ఆవిడ.

ఎర్ర కార్డు ఇంకొంచెం పైకి లేచింది. దాదాపు ముక్కుకి తగిలేదాకా.

"ఏదైనా సరే ఆపేస్తానన్నావుగా తల్లీ" అన్నాను నేను, తగుదునమ్మా అని.

"మీరు మాట్లాడకండి" అందావిడ. కానీ మాట ఇచ్చిన మనిషి. సంచీ దింపి కూర్చుంది. దొర నా వైపు తిరిగి పచ్చ కార్డు చూపించాడు. మాట్లాడు అన్నట్టు.

నా దగ్గర మాట్లాడటానికి ఏముంది? మనిషి కష్టం కనిపెట్టే విద్య నాకు రాదు. ఎవరేం చెప్పినా దానికో వెటకారం అంటించడమే వచ్చు. ఏం చెప్పాలో తెలియక కిందికి చూశాను. నా కాళ్ళు కనిపించాయి. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. ఆ రోజుది ఇంకా దొరకలేదు.

"చెవిలో చీము పట్టినప్పుడు..." అన్నాను. "అక్క ఊళ్ళో లేదు. ఆ మూడు రోజులూ నా చెప్పు పోలేదమ్మా."

"మళ్ళీనా?" అంది నర్సమ్మ, అక్క వంక చూస్తూ.

"వీడు చెప్పేది వినమ్మా" అంది అక్క, నెమ్మదిగా.

"రోజూ దాచేస్తాడు. ఇరవై ఏళ్ళుగా. బియ్యం డబ్బాలో, బట్టల బుట్టలో, ఓసారి ఫ్రిజ్‌లో. ఆ మూడు రోజులూ గుమ్మం దగ్గర పెట్టింది పెట్టినట్టే ఉంది. వీడు పెద్దవాడయ్యాడులే, బుద్ధొచ్చింది అనుకుని ఈల వేసుకుంటూ కొట్టుకి పోయాను. మూడు రోజులూ."

నర్సమ్మ దొరని అడిగింది. "మావయ్య చెప్పు ఎవరు తీస్తారు?"

"పిల్లి" అన్నాడు దొర. మా ఇంట్లో పిల్లి లేదు.

ఆవిడ పెదవులు బిగబట్టింది, నవ్వు ఆపుకోవడానికే. పెన్ను మూత తీసింది. ఫారంలో పదిహేడో సమాధానం కొట్టేసి పక్కన నాతో సంతకం పెట్టించింది, నేను చెప్పింది అబద్ధం అని. నా జీవితంలో అలాంటి కాగితం మీద సంతకం అదే మొదటిది. తర్వాత పుస్తకంలో మొదటి పేజీ తెరిచి, నా చేతికే పెన్నిచ్చి, నన్నే రాయమంది. నా కోడిగీతల్లో రాశాను: 'ఎడమ చెప్పు పోకపోతే దొరకి ఒంట్లో బాగాలేదు.' దాని కింద ఆవిడ రాసింది, చెప్పు పోని రోజు ఏమేం చూడాలో. ఒకవైపే నములుతున్నాడా, చెవి పట్టుకుంటున్నాడా, పడుకునే పక్క మార్చాడా, ఇలా.

"మేడంని నేను ఒప్పిస్తాను. కానీ ఇంకొక్క అబద్ధం దొరికిందంటే..."

"నా మీసాలు గొరిగించమ్మా."

అక్క ఆపరేషన్‌కి వెళ్ళింది. మొదటి మూడు రోజులూ సజావుగా గడిచాయి. చెప్పు బకెట్‌లో ఒకసారి, టీవీ వెనక ఒకసారి, నా దిండు గలీబులోనే ఒకసారి దొరికింది. అక్క రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఒకటే అడిగేది.

"పోయిందా?"

"పోయిందే తల్లీ, నీ కొడుకు చేతులు పడ..."

"చాల్లే." పెట్టేసేది.

నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే గుమ్మం దగ్గర రెండు చెప్పులూ పక్కపక్కన బుద్ధిగా ఉన్నాయి. పొరపాటేమోనని ఎడమదాన్ని తీసి గది మధ్యలో, వాడి కాళ్ళ ముందే పెట్టాను. స్నానానికని వెళ్ళి, లోపల నీళ్ళు ఊరికే పారబోస్తూ కూనిరాగం తీశాను. వచ్చి చూస్తే అక్కడే ఉంది. దొర కిటికీ దగ్గర తువ్వాలు మడతపెడుతున్నాడు. అంచులు కలవలేదు.

మొహాల అట్ట చూపించాను. నవ్వే మొహం. పుస్తకం తీసి ఒక్కొక్కటీ చూశాను. చెవి పట్టుకోవడం లేదు. కడుపు నొక్కితే ఊరుకున్నాడు. రొట్టె ఇస్తే, ఎప్పుడూ గట్టి అంచు ముందు కొరికేవాడు, దాన్ని టీలో నానబెట్టి నానబెట్టి, కుడివైపు మాత్రమే నమిలాడు. క్లినిక్‌కి ఫోన్ చేశాను.

"క్లినిక్ అండీ" అంది రిసెప్షన్ అమ్మాయి.

"అమ్మా, నా చెప్పు పోలేదు."

"ఏంటండీ?"

"పొద్దున్నించీ చూస్తున్నా, పెట్టినచోటే ఉంది. నర్సమ్మని అర్జెంటుగా పంపు."

"తాళాల బాబాయ్ గారా?"

కిందటేడు వాళ్ళ మందుల బీరువా తాళం బాగుచేసి, ఇది కొత్త రకం, ప్లీజ్ అంటేనే తెరుచుకుంటుందని ఆ అమ్మాయితోనే చెప్పాను. పాపం, వారం రోజులు బీరువాకి ప్లీజ్ చెప్పిందట, అదీ పేషెంట్ల ముందు.

"ఆయనే అయితే నేను బిజీగా ఉన్నా" అని పెట్టేసింది. మళ్ళీ చేశాను. ఎత్తి, నా గొంతు వినగానే పెట్టేసింది. మూడోసారి ఎత్తగానే ఒక్క మాటే అన్నాను.

"ప్లీజ్."

ఈసారి ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఈసారి నేను చెబుతున్నా తల్లీ. ప్లీజ్. మా వాడికి బాగాలేదు. నర్సమ్మకి చెప్పు పోలేదని ఒక్క మాట చెప్పు, ఆవిడకి అర్థమవుతుంది."

పావుగంటలో నర్సమ్మ మెట్లెక్కి వచ్చింది, రొప్పుతూ. టార్చి తీసి "నోరు తెరువు బాబూ" అనగానే దొర పెదవులు బిగించి ఎర్ర కార్డు ఎత్తాడు. ఆవిడ టార్చి ఆర్పేసింది. కూర్చుంది. కాసేపు ఆలోచించి నా వైపు తిరిగింది.

"మీరు తెరవండి."

"నేనెందుకు?"

"పరిశోధన."

తెరిచాను. టార్చి వేసి చూసి, "అబ్బో, కింద రెండు పుచ్చిపోయాయి. ముందు మిమ్మల్నే పంపాలి" అంది. దొరకి అది ఎంత నచ్చిందంటే నా నోట్లోకి తొంగిచూసి, తర్వాత తనకి తనే పచ్చ కార్డు చూపించుకుని నోరు తెరిచాడు. ఎడమవైపు వెనక చిగురు ఎర్రగా ఉబ్బి, చీము పట్టి ఉంది.

"ఇంకో రెండు రోజులైతే దవడంతా పాకేది" అంది మెల్లగా. "చెప్పే చెప్పిందండీ."

మధ్యాహ్నం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. దొర కుర్చీ ఎక్కనన్నాడు. వేలు నా వైపు చూపించి, "మావయ్య" అన్నాడు. అంటే ముందు నేను ఎక్కాలి. నాకు సూది అంటే ఎంత భయమో ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నర్సమ్మ చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నవ్వుతోంది. ఎక్కాను. నాది ఒకటి పీకారు. నేను పెట్టిన కేకకి బయట కూర్చున్న పెద్దాయన రేపొస్తానని లేచి వెళ్ళిపోయాడట. దొర మాత్రం నా చొక్కా పట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. తర్వాత తను ఎక్కి, ఒళ్ళో తువ్వాలు మడతపెట్టుకుంటూ, కిక్కురుమనకుండా పీకించుకున్నాడు. నాకన్నా మగాడు.

సాయంత్రం అక్క ఫోన్.

"పోయిందా?"

పోయిందనడం నాకెంత తేలిక! నిజం విని కట్టు కట్టిన కాలితో ఆవిడ మంచం దిగిందంటే చేసిందంతా వృథా. నోట్లో దూది అడ్డం ఉంది, మనసులో అంతకన్నా పెద్ద దూది అడ్డం ఉంది.

"పోలేదక్కా" అన్నాను. "పన్ను. చీము పట్టింది. నర్సమ్మ వచ్చింది, పీకించాం. పడుకున్నాడు. మాత్రలిచ్చారు."

మాత్రల పేర్లు నాచేత చదివించుకుంది.

"అయితే నేనిక్కడే ఉంటాలే" అంది చివరికి.

"రావా?"

"నువ్వు పోయిందని చెప్పి ఉంటే ఈపాటికి ఆటోలో ఉండేదాన్ని. అబద్ధం ఆడేముందు నువ్వు దగ్గుతావురా. చిన్నప్పట్నించీ. ఇవాళ దగ్గలేదు." ఆగి, "నీ గొంతేంటి, అలా ఉంది?" అంది.

"నాదీ ఒకటి పీకారు."

అక్క నవ్విన నవ్వుకి పక్క మంచాల వాళ్ళు లేచి ఉంటారు.

ఐదో రోజు చెప్పు అక్కడే ఉంది. ఆరో రోజూ అక్కడే ఉంది. ఊరికే ఉండలేక నేనే దాన్ని మంచం కింద దాచి, ఎవడ్రా అని అరిచి చూశాను. దొర వచ్చి, మంచం కింద నుంచి తీసి, జాలిగా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మా నర్సమ్మ వచ్చి, వాపు తగ్గుతోంది, ఓపిక పట్టండి బాబాయ్, అంది. ఆ సందులోనే ఇంకో మాట కూడా చెప్పింది, చెప్పకుండా ఉంటే బాగుండునన్న మొహంతో. పదకొండు ఇళ్ళలో ఒక ఇంట్లో కుర్రాడు కడుపునొప్పి వస్తే నిజంగానే వెనక్కి లెక్కపెడతాడట, వంద నుంచి కాదు, ఇరవై నుంచి. నేను చొక్కా సర్దుకుని, పుస్తకంలో నా పేరు వేస్తారా అని అడిగాను. వెయ్యరట.

ఏడో రోజు పొద్దున గుమ్మం దగ్గర కుడి చెప్పు ఒక్కటే ఉంది.

నేను అరవడం మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డాను. తలుపు వెనక భుజాలు ఎగిరిపడుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చి, ఉన్న ఊపిరంతా పట్టి, "ఎవడ్రా నా చెప్పు..." అని మొదలుపెడితే వీధిలో కుక్కలు మొరిగాయి.

వెతకలేదు. అలాగే ఒంటి చెప్పుతో దొరని వెంటబెట్టుకుని ఆస్పత్రికి నడిచాను. వాచిన దవడ, ఒక కాలికి చెప్పు లేదు, పక్కన చేతులు వెనక్కి కట్టుకున్న దొర. గేటు దగ్గర కాపలావాడు ఎవరు పేషెంటో అర్థంకాక ఇద్దర్నీ వదిలేశాడు.

అక్క వార్డు చివర వాకర్ పట్టుకుని నిలబడి నడక నేర్చుకుంటోంది. మమ్మల్ని చూసింది. నా మొహం చూడలేదు, కొడుకు మొహం కూడా చూడలేదు. ముందు నా కాళ్ళు చూసింది. పట్టుకున్న వాకర్ వదిలేసి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. నర్సులు పరిగెత్తారు, పడిపోతుందేమోనని. పడలేదు. రెండు కాళ్ళ మీద, దేన్నీ పట్టుకోకుండా, అలాగే నిలబడి ఉంది, భుజాలు ఎగిరిపడుతున్నాయి, ఏడుస్తోందో నవ్వుతోందో.

దొర వెళ్ళి ఆవిడకి ఎర్ర కార్డు చూపించాడు.

ఆ గొడవలో ఎవరూ చూడలేదు గానీ, మేం ఇంటికి బయల్దేరేముందు అక్క మంచం కింద ఉండాల్సిన హవాయి చెప్పుల్లో ఎడమది కనిపించలేదు. వార్డు ఆయా మంచాలన్నీ జరిపి వెతుకుతోంది.

"ఎవరు తీశారో చూశావా బాబూ?" అని దొరని అడిగింది.

వాడు చేతులు వెనక్కి కట్టుకుని ఆలోచించాడు.

"మావయ్య" అన్నాడు.